పాటతో పోయిన మాట

పెద్దక్క ఫోనును గోడకు ఆనించి, జారకుండా దాని ముందు ఉప్పు డబ్బా పెట్టింది. భర్త అప్పటికే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. స్వాధీనంలో ఉన్న ఎడమచేయి మోకాలి మీద ఉంది. స్వాధీనం తప్పిన కుడిచేతిని తనే ఎత్తి, నిద్రపోయిన పసిపిల్లను సర్దినట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. పక్షవాతంతో మాట పడిపోయిన దగ్గర్నుంచి అతను ఇష్టంగా తయారయ్యేది ఈ ఒక్క పనికే.

ఆమె వీడియో మీద వేలు నొక్కింది. తెర మీద కూడా అతనే. ఇదే కుర్చీ, ఇదే కిటికీ. నోరు తెరిచాడు, పెదవులు కదిలాయి, ఎడమచేయి మోకాలి మీద తాళం వేస్తోంది. చప్పుడు మాత్రం లేదు.

"ఉండండి, సౌండు తగ్గిపోయినట్టుంది," అని ఆమె పక్క బటన్ నొక్కింది. గీత పైదాకా వెళ్ళింది. ఫోను అడుగునున్న చిల్లులను చీర చెంగుతో తుడిచి, ఊది, మళ్ళీ మొదటినుంచి పెట్టింది. తెర మీది మనిషి మూగగా పాడుతూనే ఉన్నాడు. ఎదురుగా ఉన్న మనిషి నోరు సగం తెరిచి, ఎక్కడ అందుకోవాలో తెలియక ఆగి ఉన్నాడు. సిటీ బస్సు నడిపిన రోజుల్లో ఆఖరి ప్రయాణికుడు ఎక్కేదాకా క్లచ్ మీద కాలు పెట్టుకుని ఇలాగే చూసేవాడు.

"అదే," అన్నాడు చివరికి.

అతనికి మిగిలిన మాట అదొక్కటే. ఆకలేస్తే అదే, కోపమొస్తే అదే, కూతుర్ని చూసి నవ్వినా అదే. ఏ అదేకు ఏ అర్థమో పెద్దక్కకు ఇప్పుడు బాగానే తెలుస్తుంది. ఇది, ఏమైందని అడిగే అదే.

ఆ వీడియో తీసింది మాటలమ్మాయి. మాట పోయినవాళ్ళకు ఆస్పత్రిలో మళ్ళీ మాట పలికించడం ఆమె ఉద్యోగం; ఆ పేరు వీళ్ళు ఇంట్లో పెట్టుకున్నది. మాటా పాటా మెదడులో ఒకే గదిలో ఉండవంటూ, ఒక తలుపు మూసుకుపోతే ఇంకో తలుపు తట్టి చూద్దామంటూ, ఒకరోజు ఆమె ఇంటికొచ్చి తన ఫోనులో ఓ పాత సినిమా పాట సన్నగా పెట్టింది. అతని చేత మోకాలి మీద తాళం వేయిస్తూ తనూ కూనిరాగం తీసింది. అతను అందుకున్నాడు. మాటలతో సహా పల్లవి మొత్తం పాడాడు. పాట ఆగాక కూడా ఆ ఊపు ఆగలేదు. గుమ్మంలో నిలబడి ఉన్న భార్యవైపు తిరిగి, "ఏమే, టీ పెట్టవా," అన్నాడు. వెనకటి రోజుల్లో ఎలా అనేవాడో అలాగే అన్నాడు. అన్నాక తనే ఉలిక్కిపడ్డాడు.

అదంతా అతని ఫోనులోనే తీశారు. దూరాన ఉన్న బాబాయి చూస్తాడని కూతురు దాన్ని ఆ ఫోనులోంచే వీడియోల సైటులో పెట్టింది. అప్పటినుంచి రోజూ పొద్దున దాన్ని చూస్తూ తన గొంతుతో తనే కలిసి పాడతాడు. అసలు సినిమా పాట పెట్టి చూశారు. ఆ గాయకుడి వేగం అందుకోలేక రెండో మాట దగ్గరే చతికిలబడ్డాడు. తన వెంటైతేనే తను నడవగలడు. చివరనున్న టీ మాట మళ్ళీ పలకలేదు గానీ, రోజురోజుకూ దాని దగ్గరికి వస్తున్నాడు. నిన్న "ఏ" అన్నాడు. ఆ ఒక్క అక్షరానికే పెద్దక్క స్టవ్ మీది పాలు మరిచిపోయి పొంగబెట్టుకుంది.

కూతురు ఊరికి ఆ చివర బట్టల షోరూములో బిల్లింగ్ కౌంటరు దగ్గర పనిచేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. పెద్దక్క ఫోను చేస్తే, కాసేపు చూసి తిరిగి చేసింది.

"అమ్మా, వెనకాల వినిపించే పాట ఏదో ఆడియో కంపెనీదట. వాళ్ళ పాట మన వీడియోలో ఉందని మెషీన్ పట్టుకుంది. అందుకని సౌండు తీసేశారు."

"తీసేస్తే పాట తీసెయ్యాలి. మీ నాన్న గొంతేదీ?"

"రెండూ కలిసిపోయి ఉంటాయి కదమ్మా. మొత్తం తీసేశారు."

"పాట వాళ్ళదే, కాదనను. పాటయ్యాక మీ నాన్న టీ అడిగారు చూడు, అది కూడా వాళ్ళదేనా?"

అవతల బిల్లు మెషీన్ గరగరమంటోంది. "మనం అభ్యంతరం చెప్పొచ్చు," అంది కూతురు. "కానీ నాన్న ఎకౌంటులోకి వెళ్ళి చెప్పాలి. దాంట్లోకి వెళ్ళాలంటే నాన్న నంబరుకు కోడ్ వస్తుంది."

ఆ నంబరున్న ఫోను ఈమధ్యే అతని ఎడమచేతిలోంచి జారి బకెట్టు నీళ్ళలో పడింది. రిపేరు షాపువాడు పెదవి విరిచాడు. అందులోని వీడియో, అందులోని సిమ్ము దానితోనే పోయాయి. నంబరు మళ్ళీ కావాలంటే కొత్త సిమ్ తీసుకోవాలి. దానికి ఫోను కంపెనీ ఆఫీసుకు మనిషే వెళ్ళాలి.

"నేను వెళ్తాలే," అంది పెద్దక్క.

"నువ్వు కాదమ్మా, నాన్నే వెళ్ళాలి."

*

పెద్దక్క పనిచేసే ఆస్పత్రి లాండ్రీలో అందరూ ఫోను గేటు దగ్గర పెట్టెలో వదిలిపెట్టాలి. దుప్పట్లు పోతున్నాయని పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒళ్ళు తడిమి చూస్తారు. "దుప్పటి నడుముకు చుట్టుకుపోతే లావెక్కినట్టు కనబడమా," అని దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు దగ్గర పెద్దక్కకు జతగా పనిచేసే ఆమె రోజూ అంటుంది. ఆమె నోరు మూతపడదు కాబట్టి లాండ్రీలో అందరూ గంట అంటారు.

చెమ్మ దుప్పటిని చెరో రెండు కొసలు పట్టుకుని, ఒక్కసారి విదిలించి, వేడి రోలరు నోటికి అందిస్తారు. అది ఆవిరి కక్కుతూ అవతలివైపు అట్టలా బయటికొస్తుంది. మళ్ళీ చెరోవైపు పట్టుకుని సగానికి మడిచి, ఒకరికొకరు ఎదురు నడిచి, కొసలు అందించి, వంగి మడత అందుకుని వెనక్కి నడుస్తారు. అలా దగ్గరైనప్పుడు నాలుగు మాటలు, దూరమయ్యాక మౌనం. పెద్దక్క జరిగిందంతా ఆ దగ్గరితనాల్లో ముక్కలుముక్కలుగా చెప్పింది.

"నేను స్నానం చేస్తూ సినిమా పాటలు పాడుకుంటాను. నా గొంతు కూడా తీసేస్తారా ఏంటి?" అంది గంట.

"తీసేస్తే మీ వీధికి పుణ్యం."

గంట నవ్వి, కొసలు అందించి వెనక్కి వెళ్ళింది. మళ్ళీ దగ్గరైనప్పుడు నవ్వు లేదు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే పెద్దక్కా. ఎక్కడో పోయిన గొంతు బావగారికి తిరిగొచ్చింది. వీళ్ళెవరో మధ్యలో కూర్చుని కుదరదన్నారు. మనిషితోనైనా పోట్లాడవచ్చు, మెషీన్ కాలర్ ఎలా పట్టుకుంటాం?"

నిన్నటిదాకా పెద్దక్క ఈ పని చేస్తూ చెవుల్లో ఆ మాట తిప్పుకునేది. రోలరు హోరులో ఎవరికీ వినబడకుండా, ఏమే, టీ పెట్టవా. ఇవాళ తలుచుకుంటే అందులో ఎక్కడ ఒత్తాడో, ఎక్కడ సాగదీశాడో తేలడం లేదు. రోజూ విన్నదే. అంత తొందరగా ఎలా చెరిగిపోతుందో అర్థం కాక, ఆమె చేతిలోని కొస వదిలేసింది. వేడి మడత జారి నేలమీద పడింది. మళ్ళీ ఉతుక్కు వేయాల్సిందే.

*

ఫోను కంపెనీ ఆఫీసులో అద్దాల తలుపు దగ్గర కాపలామనిషి అతని చేతికర్రను తీసుకుని తిప్పి చూసి ఇచ్చాడు. టోకెన్ తీసుకుని చాలాసేపు కూర్చున్నారు. కౌంటరు దగ్గరి ఉద్యోగి మర్యాదస్తుడు. గుర్తింపు కార్డు చూశాడు, వేలిముద్ర సరిపోయిందన్నాడు.

"ఇక లైవ్ చెకింగ్ ఒక్కటేనండీ. వేరేవాళ్ళ పేరుతో సిమ్ములు తీసుకుని బ్యాంకు ఖాతాలు ఊడ్చేస్తున్నారు. మీ మంచికే ఇదంతా."

పక్క గదిలో టాబ్లెట్ ముందు భర్తను కూర్చోబెట్టారు. తెర మీదికి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒకామె వచ్చింది.

"నమస్తే సార్. మీ పూర్తి పేరు చెప్పండి."

"అదే," అన్నాడు అతను.

"మీ పేరు, సార్."

"అదే," అన్నాడు మళ్ళీ. ఈసారి గౌరవంగా, నడుం కాస్త నిటారు చేసి.

"ఆయనకు మాట రాదమ్మా. పక్షవాతం," అంది పెద్దక్క ముందుకు వంగి.

"మేడమ్, పక్కనున్నవాళ్ళు మాట్లాడకూడదు. కెమెరాలో ఇంకొకరు కనబడితే కాల్ ఆగిపోతుంది."

పెద్దక్క గోడదాకా వెనక్కి జరిగింది. తెర మీద నాలుగంకెలు వచ్చాయి. వాటిని చదవమంది ఆమె. అతను చదివాడు, కళ్ళు ఒక్కో అంకె దగ్గర ఆగి ముందుకు పోవడం పెద్దక్కకు పక్కనుంచి కనబడుతూనే ఉంది. తెలుసు. నోటిదాకా వచ్చి ఏమవుతుందో గాని బయటికి రావడం లేదు. ఎడమచేయి పైకెత్తి ఐదు వేళ్ళు చూపించాడు, ముడిచి మళ్ళీ రెండు చూపించాడు.

"వేళ్ళతో కాదు సార్, నోటితో."

"రాసి చూపిస్తారమ్మా. ఎడంచేత్తో అంకెలు రాస్తారు," అంది పెద్దక్క గోడ దగ్గర్నుంచే.

"రాత కుదరదు మేడమ్. ఎదురుగా ఉన్నది బతికున్న మనిషేనని సిస్టమ్‌కు తెలియాలి. గొంతు వినాలి."

"బతికే ఉన్నారు కదమ్మా. నువ్వు చూస్తూనే ఉన్నావు."

తెర మీది ఆమె కళ్ళు దించుకుంది. కీబోర్డు మీద ఏదో వెతుకుతున్నట్టు చేసింది. "నేను చూస్తే సరిపోదు మేడమ్," అంది మెల్లగా. తెర ఎర్రబడి కాల్ ఆగిపోయింది.

ఇంకొక్కసారి రావచ్చని, అప్పుడూ కుదరకపోతే ఆ నంబరు మూసేస్తారని కౌంటరు దగ్గర చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో భర్త డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. స్టాపు దగ్గరపడ్డప్పుడల్లా అతని ఎడమకాలు నేలను గట్టిగా తొక్కుతోంది. కిందికి దిగేటప్పుడు పెద్దక్క జబ్బ పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

*

"అంకెల్ని పాటలో పెడదాం ఆంటీ," అంది మాటలమ్మాయి.

అదే రాగం. పాట మాటలు తీసేసి అంకెలు. మాటలమ్మాయి అతని ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, అతని ఎడమచేతిని తన చేతుల్లోకి తీసుకుని తాళం వేయిస్తూ, ఒకటీ రెండూ మూడూ అంటూ సాగదీసి పాడింది. వీడియో లేకుండానే అతను అందుకున్నాడు. పది దాకా వెళ్ళాడు. పెద్దక్క గిన్నె తోముతున్నదల్లా సబ్బు చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ ఇంట్లో అన్ని మాటలు వరసగా వినబడి ఎన్నాళ్ళైందో. అతను పదితో ఆగకుండా మళ్ళీ ఒకటి అందుకున్నాడు, ముఖం ఎర్రబడి, నవ్వుతూ.

చిక్కు ఆ సాయంత్రమే తెలిసింది. వరసగా పాడితే వస్తాయి. మధ్యలోంచి ఆరు చెప్పమంటే రాదు. ఒకటి దగ్గర మొదలుపెట్టి, ఒక్కోటీ దాటుకుంటూ ఆరు దగ్గరికి వచ్చి ఆగాలి.

"ఆరో స్టాపులో దిగాలన్నా మొదటి స్టాపులోనే ఎక్కాలన్నమాట," అంది పెద్దక్క. భర్త గట్టిగా నవ్వాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

"ముందువన్నీ లోపల పాడుకుని, కావల్సింది ఒక్కటే పైకి అనండి అంకుల్," అని మాటలమ్మాయి నేర్పింది. పెదవులు మూసుకుని, వేళ్ళతో తాళం వేసుకుంటూ, చివరికి "నాలుగు" అని పైకి అనడం కొన్నిసార్లు కుదిరింది. కొన్నిసార్లు ఊపులో ఐదులోకి పోయేది. అప్పుడు తనే తల అడ్డంగా ఊపుకుని మొదటికి వచ్చేవాడు. పెద్దక్క పనికి పోతూ వీధి మలుపు తిరిగేదాకా కిటికీలోంచి అంకెలు వినబడేవి. రోలరు దగ్గర గంట అడిగింది, ఏంటి ముఖం వెలిగిపోతోందని.

"ఏమీ లేదు. మా ఆయన లెక్కలు నేర్చుకుంటున్నారు."

రెండోసారి వెళ్ళినప్పుడు ఆఫీసు కిటకిటలాడుతోంది. పక్క గది తలుపు ఊడదీసి బాగుచేస్తున్నారు. గది ముందే వరసలో జనం నిలబడ్డారు. ఈసారి తెర మీదికి ఒక మగమనిషి వచ్చాడు. పేరు అడిగితే, ముందే అనుకున్నట్టు, పేరును కూడా రాగంలో పెట్టి పలికాడు భర్త. కొంచెం అరిగిపోయిన పలుకే, అయినా అది అతని పేరే. తెర మీది మనిషి తల ఊపాడు. పెద్దక్క గోడకు ఆనుకుని నిలబడింది.

అంకెలు వచ్చాయి. మొదటిది నాలుగు. భర్త వేళ్ళు మోకాలి మీద కదిలాయి, పెదవులు మూసుకునే ఉన్నాయి. "నాలుగు," అన్నాడు. రెండోది తొమ్మిది. తొమ్మిది దూరం. వేళ్ళు కొట్టుకుంటూ పోతున్నాయి. మధ్యలో ఎక్కడో తాళం తప్పిందేమో, కంగారుపడి పెదవులు విప్పేశాడు. పైకే పాడసాగాడు. ఒకటీ, రెండూ, మూడూ.

"సార్, తెర మీద ఉన్నవే చదవండి."

అతను ఆపలేదు, ఆపితే మొదటికి రావాలి. నాలుగూ, ఐదూ. గొంతు పెరిగింది. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"వెనకాల పాట వస్తోంది. రికార్డు చేసిన గొంతులు పెట్టకూడదండీ. అది ఆపండి ముందు."

"పాట కాదండీ," అంది పెద్దక్క. "అది ఆయనే."

"పక్కనెవరో మాట్లాడుతున్నారు."

ఏడు దగ్గర తెర ఎర్రబడింది. భర్తకు అది తెలియలేదు. ఎనిమిది, తొమ్మిది అని ఖాళీ తెరకే పాడి, తొమ్మిది దగ్గర సరిగ్గా ఆగి, ఒప్పేనా అన్నట్టు భార్యవైపు తిరిగాడు. అప్పుడు కనబడ్డారు అతనికి, ఆమె పక్కగా తలుపు లేని గుమ్మంలోంచి, వరసలో ఉన్నవాళ్ళందరూ. కొందరు జాలిగా చూస్తున్నారు. నవ్విన మనిషి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

పెద్దక్క కర్ర అందించింది. "పదండి," అంది. అతని నోట "అదే" కూడా రాలేదు.

*

మర్నాడు పొద్దున కుర్చీలో కూర్చోలేదు. తల దువ్వుకోలేదు. మాటలమ్మాయి వచ్చి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పట్టుకుంటే, దాన్ని ఆమె చేతిలో అలాగే వదిలేశాడు. తాళం వెయ్యబోతే ఆ చెయ్యి కూడా కుడిచేతిలాగే బరువుగా, మెత్తగా ఉంది. ఆమె చాలాసేపు రాగం తీసింది. చివరికి లేచి, గుమ్మం బయట చెప్పులు వేసుకుంటూ, "కొన్నాళ్ళు వదిలేద్దాం ఆంటీ," అంది. "బలవంతం చేస్తే ఇంకా మూసుకుపోతారు."

"నేనే తీసుకెళ్ళాను," అంది పెద్దక్క.

"మీరేం చేస్తారు. నేను కదా నేర్పింది."



అన్నం పెడితే తింటున్నాడు. పిలిస్తే చూస్తున్నాడు. ఆకలైనా, కోపమైనా ముఖంలోంచే తెలుసుకోవాలి. అన్నిటికీ ఒకే మాట అని ఒకప్పుడు పెద్దక్కకు విసుగొచ్చేది. ఇప్పుడు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. గంట ఏదైనా అడగబోతే ఆమె దుప్పటి కొసలు త్వరగా అందించి వెనక్కి నడిచేస్తోంది.

ఆదివారం కూతురు ఫోను చేసింది. గొంతులోనే నవ్వు తెలుస్తోంది.

"అమ్మా, వచ్చేసింది. నాన్న వీడియోకి సౌండు వచ్చేసింది."

పెద్దక్కకు అర్థం కాలేదు. "ఎలా? మనం లోపలికే వెళ్ళలేదు కదా."

"మనం ఏం చెయ్యలేదమ్మా. ఆ కంపెనీవాళ్ళే రూలు మార్చుకున్నారట. వాళ్ళ పాటలున్న వీడియోలు ఉండనిస్తారట, ముందు ఒక ప్రకటన వేసుకుంటారంతే. చాలామందివి ఇలాగే తిరిగొచ్చాయి. దానంతటదే."

"దానంతటదే," అంది పెద్దక్క.

"నాన్నకు పెట్టి చూపించు. చూపించి నాకు ఫోన్ చెయ్యి, నేను కౌంటరు దగ్గరే ఉంటాను."

భర్త మంచం మీద గోడవైపు ఒరిగి కూర్చుని ఉన్నాడు. పెద్దక్క వెళ్ళి పక్కన కూర్చుని, ఇద్దరికీ కనబడేట్టు ఫోను చేత్తో పట్టుకుంది. ముందు ప్రకటన వచ్చింది. ఎవరో నవ్వుముఖం అమ్మాయి ఒక సోఫా మీద ఎగిరి కూర్చుని, దాని మెత్తదనం గురించి చెప్పింది. అది అయ్యేదాకా ఇద్దరూ చూశారు.

తర్వాత అతని గొంతు వచ్చింది.

పెద్దక్క దానికి సిద్ధంగా ఉన్నాననుకుంది. కాదని తెలిసింది. ఆ గొంతు గది నిండా పరుచుకుంది, కాస్త బొంగురుగా, పల్లవి చివర సాగదీస్తూ, ప్రతి మాటా పలుకుతూ. ఆమె ఓరగా భర్త చేతిని చూసింది. దుప్పటి మీద అది కదలలేదు. నోరు చూసింది. పెదవులు బిగిసి ఉన్నాయి. అతను తెరను చూస్తున్న చూపు, దారిలో ఎవరో తెలిసినవాడు ఎదురైతే పలకరించకుండా తప్పుకునేవాడి చూపు.

పాట అయిపోయింది. తెర మీది మనిషి గుమ్మంవైపు తిరిగాడు. "ఏమే, టీ పెట్టవా."

ఇన్నాళ్ళూ దీనికోసమే కదా ఆమె తిరిగింది. ఒత్తు, సాగదీత ఎక్కడివక్కడే ఉన్నాయి, ఏదీ పోలేదు. కానీ మొగుడు పక్కనే కూర్చుని ఉండగా ఇంకెవరో మగవాడు తనను "ఏమే" అని పిలిచినట్టు ఆమె ఒళ్ళు ముడుచుకుపోయింది.

భర్త ఎడమచెయ్యి ముందుకు చాచి, ఆమె చేతిలోని ఫోనును నెమ్మదిగా బోర్లించాడు. కోపంగా కాదు. చనిపోయినవాళ్ళ ముఖం మీదికి గుడ్డ లాగినట్టు. మళ్ళీ గోడవైపు ఒరిగాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, అక్కడ చెయ్యాల్సిన పనేమీ లేకపోతే తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచింది. ఈలోగా ఫోను మోగింది. కూతురు ఆగలేకపోయింది.

"చూపించావా? నాన్న పాడారా?"

పెద్దక్క గుమ్మంలోంచి మంచంవైపు చూసింది. అతని వీపు, సరిగా దువ్వని తల కనబడుతున్నాయి.

"పాడారు," అంది.

"మొత్తం పాడారా?"

"ఆఁ. మొత్తం పాడారు."

"ఆ మాట కూడా అన్నారా అమ్మా, చివర్లోది?"

"అదీ అన్నారు."

అవతల కూతురు ఫోను దూరంగా పట్టుకుని పక్క కౌంటరు వాళ్ళకు చెబుతోంది, మా నాన్నకు మాట వచ్చిందని. ఎవరో చప్పట్లు కొట్టారు. మంచం మీద భర్త తల తిప్పి భార్యను చూశాడు. పెద్దక్క ఫోను చెవి దగ్గరినుంచి తియ్యలేదు. అతని చూపులోంచి తప్పుకోకుండా, అక్కడ ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు సంతోషపడుతుంటే వింటూ అలాగే నిలబడింది.